పొద్దుటి పుదీనా అన్నం

పుంగనూరు,
గురువారం సాయంత్రం.

బావకు అంబిక నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కదా. కాబట్టి నేను క్షేమం. నువ్వు అక్కడ వేళకు తిని, వేళకు పడుకుని, చేతుల వణుకు తగ్గి బాగుంటావని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. పోస్టుమ్యాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునే మొగుడూ పెళ్లాలు ఊరు మొత్తం మీద మీరేనమ్మా అన్నాడు. మందు మానిపించే సెంటరులో ఉన్నావని, తొంభై రోజులు ఫోను ఇవ్వరని అతనికి చెప్పలేను కదా. కుప్పం అవతల నడుము నొప్పికి వైద్యం చేయించుకుంటున్నావని, అక్కడ సిగ్నల్ అందదని చెప్పాను. నువ్వు బస్సు నడిపే బడిలో చెప్పిన అబద్ధమే అతనికీ చెప్పాను. అబద్ధం చెప్పేటప్పుడు నా నోరు తడబడదు, అది నీకూ తెలుసు.

మీ కౌన్సెలింగ్ మేడమ్ ఉత్తరాలన్నీ ముందు తాను చదివాకే మీకు ఇస్తుందని రాశావు. చదవనీ. మేడమ్ గారికి కూడా నమస్కారం. ఇది కాస్త పొడుగు ఉత్తరం, ఓపిక చేసుకోండి. ఇందులో నా బావకు నచ్చని మాట ఒకటి ఉంది. అది ఆయన బస్సు గురించి. అది రాయడానికి నాకు ఇంకా ధైర్యం చాలడం లేదు, అందుకని ముందు ఆయన అడిగినవాటికి జవాబులు రాసుకుంటూ పోతాను.

ఇల్లు ఎలా ఉందని అడిగావు. ఇల్లు ఇల్లులాగే ఉంది, మనుషులే లేరు. నీ కోసం లేచి లేచి అలవాటై నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లేచి ఏం చేయాలో తోచక వాకిలి రెండుసార్లు చిమ్ముతున్నాను. ఐదున్నరకు ఆటో ఎక్కి చౌడేపల్లె పాల కేంద్రానికి పోతాను, తొమ్మిదిన్నరకు తిరిగొస్తాను. అప్పటి నుంచి సాయంత్రం పాల వేళ దాకా నాతో మాట్లాడే మనిషి లేదు. టీవీ పెడితే అందులోవాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. మొన్న గోడ మీద బల్లిని, ఏమే తిన్నావా అని అడిగాను. అడిగాక నాకే నవ్వొచ్చింది, నవ్వాక ఏడుపొచ్చింది. నీ పళ్లెం కూడా నా పళ్లెంతో పాటు రోజూ కడిగి బోర్లిస్తున్నాను. తినని పళ్లెం ఎందుకు కడుగుతానో నాకూ తెలియదు.

తేజస్విని బాగుంది. మదనపల్లె హాస్టల్లో నీళ్లు సరిగా రావడం లేదని గొణుగుతుంది తప్ప చదువు మాత్రం బాగానే సాగుతోంది. నీకు ఒక ఉత్తరం ముక్క రాయవే అంటే పరీక్షలంటుంది. డిగ్రీ రెండో ఏడు పిల్లకు రోజూ పరీక్షలు ఎక్కడివి? నేను గుచ్చి అడగలేదు. నువ్వూ మనసులో పెట్టుకోవద్దు.

పుదీనా ఎలా ఉంది, నీళ్లు పోస్తున్నావా అని అడిగావు. కూతురి కంటే ముందు పుదీనాను అడిగావు, నేను చూసుకున్నాను. పోస్తున్నాను. తొట్టి పక్కన చిల్లుపడిన పాల క్యానులో నేను నాటిందే కదా, అది ఎక్కడికి పోతుంది. కోసేవాళ్లు లేక ఏపుగా పెరిగి క్యాను దాటి నేల మీదికి పాకింది.

ఇంకోటి రాశావు. అక్కడి కూడులో ఉప్పూ కారం లేదని, పుదీనా అన్నం ఎలా చేస్తావో విడమరిచి రాస్తే మధ్యాహ్నం పూట చదువుకుంటూ తింటానని. చదువుకుంటూ తినే అన్నం ఎక్కడైనా ఉందా బావా! సరే, అడిగావు కాబట్టి రాస్తాను. రాయడం కోసమని మొన్న ఆదివారం చేశాను కూడా. నువ్వు పోయాక ఈ ఇంట్లో పుదీనా అన్నం చేయడం అదే మొదలు.

బియ్యం ఒక గ్లాసు చాలనుకున్నాను. చెయ్యి మాత్రం మూడు గ్లాసులు పోసింది. రెండు గ్లాసులు వెనక్కు తీశాను. అన్నం పలుకు మీద దించి, పెద్ద పళ్లెంలో పరిచి ఆరబెట్టాలి. తొందరపడి వేడి అన్నంలో కలిపితే ముద్దయిపోతుంది, మన పెళ్లయిన కొత్తలో మీ అమ్మ నన్ను దెప్పింది దీనికే. అన్నం ఆరేలోపు ఆకు తుంచుకోవాలి. ముదురు కాడలు పారేయాలి, లేకుంటే చేదు. రెండు గుప్పిళ్ల ఆకును మూడు నీళ్లలో జాడించాలి. బాణలిలో చెంచా నూనె వేసి నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, ఐదారు తెల్లగడ్డ పాయలు, చిన్న చింతపండు రెబ్బ మగ్గించి ఆ మీద ఆకు వేయాలి. బాణలి నిండా కనిపించిన ఆకు చూస్తుండగానే ముడుచుకుపోయి పిడికెడు అవుతుంది. చల్లారాక ఉప్పు వేసి, నీళ్లు పోయకుండా మిక్సీలో తిప్పాలి.

ఆ తర్వాత తిరగవాత. ఆవాలు చిటపటమన్నాక శెనగపప్పు, చెనక్కాయ విత్తనాలు, ఎండుమిరపకాయ, కరేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ. ఎర్రగడ్డ రంగు తిరిగాక చిటికెడు పసుపు, ఆ వెంటనే నూరిన పుదీనా. పచ్చివాసన పోయి నూనె అంచులకు తేలేదాకా గరిటె ఆపకూడదు. దించి, అన్నంలో మెత్తగా కలిపి, పైన సగం నిమ్మకాయ పిండితే అయిపోయినట్టే. నీకు మాత్రం నేను పచ్చి పుదీనా కూడా రోంత నూరి పైన కలిపేదాన్ని. అది ఎందుకో కిందికి రాస్తాను.

మొత్తం కలిపి ముప్పావుగంట పని. ఆ పనిని నాలుగేళ్లు, బడి ఉన్న ప్రతి పొద్దూ చేశాను. ఒక్క పూట విసుక్కోలేదు. నీ మీద ప్రేమతో అని నువ్వు అందరితో చెప్పుకున్నావు. నేను కాదనలేదు.

ఆదివారం ఒక్కదాన్నే వడ్డించుకుని గడప దగ్గర కూర్చున్నాను. బాగానే కుదిరింది. ఉప్పు సరిపోయింది, పలుకు చెడలేదు. నాలుగు ముద్దలు తిన్నానో లేదో తేజస్విని ఫోను చేసింది. ఏం చేసుకున్నావమ్మా అని అడిగింది. పుదీనా అన్నం అన్నాను. సిగ్నల్ పోయిందేమోనని రెండుసార్లు పిలిచాను. అప్పుడు మెల్లగా అడిగింది.

"నాన్న వచ్చేసినాడా మా?"

బావా, ఆ గొంతు నువ్వు వినాల్సింది. నాన్న వస్తున్నాడంటే సంబరపడే గొంతు కాదది. తలుపు గడియ పెట్టుకోవాలా వద్దా అని అడిగే గొంతు. లేదు తల్లీ, నేనే ఊరికే చేసుకున్నాను అని చెప్పాను. సరే అని పెట్టేసింది. దానికీ తెలుసన్నమాట. పుదీనా వాసన ఎందుకు వస్తుందో మన బిడ్డకు ఎన్నేళ్ల నుంచి తెలుసో, అడిగే ధైర్యం నాకు లేదు. పళ్లెంలోది అలాగే మూత పెట్టాను, సాయంత్రం పక్క సందులో ఎనుముల కుడితిలో కలిపేశాను.

ఇక అసలు సంగతికి వస్తాను. చెయ్యి తిమ్మిరెక్కిందని లేచి నీళ్లు తాగి వచ్చాను, స్టవ్వు తుడిచి వచ్చాను, ఇక సాకులు లేవు.

నా ముక్కు సంగతి నీకు తెలుసు. పాల కేంద్రంలో ఫ్యాట్ మిషను కంటే ముందు నా ముక్కే. మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే నిన్నటి పాలు కలిపారా, ఆవు పొద్దున ఏం మేసింది, క్యాను సరిగా కడిగారా లేదా చెప్పేస్తాను. సదుం వైపు నుంచి వచ్చిన సూపర్‌వైజరు కూడా అంబికమ్మ వద్దన్న పాలు మిషనులో పెట్టడం దండగ అంటాడు. చుట్టుపక్కల పల్లెల పాలన్నీ పసిగట్టే ముక్కుకు పక్కన పడుకున్న మనిషి నోరు తెలియదా? నువ్వు తాగొచ్చిన మొదటి రోజే తెలిసింది.

నాలుగేళ్ల కిందట బడికి భీమరావు సారు రవాణా ఇంఛార్జిగా వచ్చాడు. పొద్దున్నే బస్సు తాళాలు ఇచ్చే ముందు డ్రైవర్లందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత తన ముఖం మీదికి ఊదించుకోవడం ఆయన పద్ధతి. మిషను ఎందుకయ్యా నా ముక్కు చాలు అనేవాడట. ఆ వారమే నువ్వు బజారు నుంచి పుదీనా కట్ట తెచ్చావు. ఒంటికి మంచిదంట, పొద్దున్నే అన్నంలోకి చెయ్యి అన్నావు. నీ ఒంటికి ఏది మంచిదో అంతకు ముందు ఎన్నడూ ఆలోచించని మనిషివి. నేను కట్ట అందుకుని, కాడలు తీస్తూ, ఎందుకు అని అడగలేదు. తెల్లగడ్డ మాత్రం రెండు పాయలు ఎక్కువ వేశాను.

ఆ తర్వాత మన మధ్య ఆ మాటే రాలేదు. రోంత పుదీనా ఎక్కువేయి అంబీ అనేవాడివి. ఆ రోజు రాత్రిది ఇంకా దిగలేదని నాకు అర్థమయ్యేది. పచ్చి పుదీనా నూరి పైన కలిపేదాన్ని. నీకు బజారు పోయే శ్రమ లేకుండా నేనే క్యానులో నాటాను. తాగొద్దని ఏడ్చి, అలిగి, పుట్టింటికి పోతానని బెదిరించిన పెళ్లాలను చూశాను. నేను అవేమీ చేయలేదు. మొగుడి ఉద్యోగం కాపాడుకుంటున్నాను అనుకున్నాను. నెల జీతం వచ్చే పని మన రెండిళ్లలోనూ నీకే మొదట దొరికింది, మా నాన్నా మీ నాన్నా కూలికి పోయి బతికినవాళ్లే. అది పోకూడదని ఒకటే పట్టు. ఆ బస్సులో ఎక్కే పిల్లల గురించి ఆలోచించానా అంటే, లేదు. నిజం రాస్తున్నాను, లేదు.

బస్సు కాలువలో దిగిన రోజు నీకు గుర్తుంది, నాకు నీకంటే బాగా గుర్తుంది. బుధవారం. నువ్వు ముఖం కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నప్పుడు వచ్చింది రాత్రి తాగిన వాసన కాదు. అప్పుడే తాగిన వాసన. పెరట్లోకి పోయి తాగొచ్చావు. ఈ పూట పోవద్దు బావా అని ఒక్క మాట అనాల్సింది. ఆ మాటకు బదులు ఇంకో గుప్పెడు ఆకు కోసుకొచ్చి నూరాను. నువ్వు తిన్నావు. నేను దగ్గరికొచ్చి వాసన చూసి, తల ఊపాను. గుర్తుందా? పాల క్యానుకు ఊపినట్టే ఊపాను. భీమరావు సారు కూడా ఊదించుకుని, ఏం రెడ్డెప్పా ఈ పొద్దూ పుదీనానేనా అని నవ్వి తాళాలు ఇచ్చాడని నువ్వే చెప్పావు.

ఇరవై రెండు మంది పిల్లలు. దేవుడి దయ, కాలువ లోతు లేదు. నాలుగో తరగతి పాపకు చెయ్యి విరిగింది. కట్టు విప్పేశారు, ఇప్పుడు బాగానే రాస్తోందట, నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ సాయంత్రం నా ఒళ్లో తల పెట్టుకుని నువ్వన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. కండ్లు మూసుకుపోయినాయి అంబీ, బ్రేకు మింద కాలే పెట్టలేదు అన్నావు.

మర్నాడు భీమరావు సారు ఇంటికి వస్తే బ్రేకు పట్టలేదు సార్ అన్నావు. సారు నా వైపు చూశాడు. నన్ను ఏమీ అడగలేదు, ఊరికే చూశాడు. నేనే ముందుకొచ్చి చెప్పాను.

"మా బావ తాగే మనిషి కాదు సార్. పొద్దున నా చేతి పుదీనా అన్నం తినిపోయినాడు."

"ఔనమ్మా," అన్నాడు ఆయన. "నేనే వాసన సూసినా కదా."

అంతటితో నీ మీద మచ్చ లేకుండా పోయింది. ఆ వారమే షెడ్డులో మెకానిక్ మునెప్పను తీసేశారు. బడివాళ్లు పోలీసుల దాకా పోనివ్వలేదు, ఎవరో ఒకరిని బయటికి పంపితే చాలనుకున్నారు. పదకొండేళ్లు నీ బస్సును తన చేతులతో బాగు చేసిన మనిషి. నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఇక తాగను, ఎక్కడికైనా తీసుకుపో అన్నావు. నడుము నొప్పి సెలవు పెట్టించి నేనూ తేజస్వినీ నిన్ను పలమనేరు మీదుగా కుప్పం తీసుకొచ్చి దింపాము. బాగై వచ్చి మళ్లీ అదే బస్సు ఎక్కుతావు, మునెప్పకు ఎక్కడో ఒకచోట పని దొరక్కపోదు అనుకున్నాం. ఇద్దరం అనుకున్నాం, నువ్వొక్కడివే కాదు.

మునెప్పకు పని దొరకలేదు బావా. ఆయన వెతకలేదు కూడా. ఆయన భార్య మునిలక్ష్మమ్మ మన కేంద్రానికే పాలు పోస్తుంది, నీకు తెలుసు. నెలన్నరగా రోజూ నా ఎదురుగా మూత తీస్తోంది, నేను వాసన చూస్తున్నాను, బాగున్నాయక్కా అంటున్నాను. ఈ సోమవారం పాలు పోశాక ఆమె పోలేదు. మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏమక్కా అన్నాను.

"ఆయప్ప పొద్దంతా వాకిట్లో కూసోని ఒక నట్టు బిగిస్తాడు, మళ్లా ఊడదీస్తాడు," అంది. "నేను ఆ పొద్దు బిగించినానా లక్ష్మీ, మర్సిపోయినానా అని నన్నడుగుతా ఉండాడు. నాకేం తెలుసమ్మా? ఆ బిడ్డ సెయ్యి ఇరిగింది నా వల్లే అంటాండాడు."

మునెప్ప తన మీద అబద్ధం వేశారని మన మీద కోపంగా ఉంటాడని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఆయనకు మన మీద అనుమానమే లేదు. తన మీదే తనకు అనుమానం. పదకొండేళ్లలో ఒక్క నట్టు వదులుగా వదలని మనిషి, మనం చెప్పిన మాట నమ్మి, తానే తప్పు చేశానని కూర్చున్నాడు. మునిలక్ష్మమ్మ లేచిపోయాక క్యాను మూత పెట్టడమే మరిచిపోయాను. వరసలో వెనక ఉన్న ఆయన వచ్చి పెట్టాడు.

మంగళవారం సాయంత్రం పాల వేళకు సెలవు చెప్పి బడికి పోయాను. పిల్లలు పోయాక భీమరావు సారు బస్సుల షెడ్డు ముందు ఒక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నీ నడుము ఎలా ఉందని అడిగాడు. నిలబడే అంతా చెప్పాను. నువ్వు ఎక్కడ ఉన్నావో, ఎందుకు ఉన్నావో, పుదీనా ఎందుకు నాటానో, ఆ బుధవారం ఎంత ఆకు నూరానో. ఆయన ముక్కు మీద వేలు పెట్టుకుని నేల చూశాడు.

"నాలుగేండ్లూనా?" అన్నాడు.

"నాలుగేండ్లూ సార్."

"ఇది నేను రాసిపెడితే రెడ్డెప్పకు ఈడే కాదు, యాడా బస్సు దొరకదు. తెలిసే సెప్తాండావా?"

"తెలిసే చెప్తాండా సార్. తాగింది ఆయన, వండింది నేను. మునెప్పన్న నట్టు బిగించే ఉండాడు. ఆ మాట ఆయనకు మీరే పోయి చెప్పండి."

తిట్టాడా అని అడుగుతావు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా ముక్కు మింద నాకు శానా నమ్మకముండేదమ్మా అని మాత్రం అన్నాడు. బుధవారం పొద్దున ఆయనే మునెప్ప ఇంటికి పోయాడట. ఈ రోజు మునెప్ప మళ్లీ పనికి షెడ్డుకు వచ్చి, అందరికంటే ముందు నీ బస్సు కిందికే దూరాడట. పొద్దున మునిలక్ష్మమ్మ పాలు పోయడానికి వచ్చింది. నా ముఖం చూడలేదు. మునెప్పకు సంగతంతా తెలిసింది కదా, ఆమెకూ తెలిసే ఉంటుంది. వాసన చూసి, బాగున్నాయక్కా అన్నాను. అన్న అన్నం తిన్నాడా అని అడిగాను. తిన్నాడు అంది. క్యాను తీసుకుని వెళ్లిపోయింది. ఇకమీదట ఆమె నాతో మాట్లాడుతుందని నేను ఆశ పెట్టుకోలేదు.

ఇదీ సంగతి. తొంభై రోజుల తర్వాత నీకు ఆ బస్సు లేదు. ఆ బస్సు కోసమే ఒక్కో రోజు నెడుతున్నానని రాశావు, నలభై ఒకటో రోజున ఉన్నావు, ఈలోపు దాన్ని నేనే పోగొట్టాను. నిన్ను ఒక్క మాట అడగకుండా పోగొట్టాను. అడిగితే నువ్వు వద్దంటావని కాదు, సరే అంటావేమోనని. అప్పుడు ఆ మంచితనం నీదవుతుంది. వండింది నేను కాబట్టి ఒప్పుకోవడం కూడా నేనే చేయాలనిపించింది. కోపం వస్తే రానీ. నాలుగేళ్లు నాకు రావాల్సిన కోపం రాలేదు, నీకైనా రానీ.

నా భయం ఒక్కటే. ఇది చదివి నువ్వు ఆ గేటు దాటి వెళ్లిపోతావేమో, కుప్పం బజారులో మొదట కనబడిన షాపు ముందు నిలబడతావేమో అని. మేడమ్ గారూ, ఈ కాగితాలు ఆయనకు ఇచ్చినప్పుడు కాసేపు పక్కన కూర్చోండి. ఆయన ఏమీ మాట్లాడడు, చేతులు మాత్రం నలుపుకుంటాడు. అలా నలుపుకుంటే లేచిపోకండి.

బయటికొచ్చాక ఏం చేయాలో నాకూ తెలియదు బావా. పాల కేంద్రంలో క్యాన్లు దించే మనిషి కావాలని సూపర్‌వైజరు అంటున్నాడు. మడి పనైనా చేసుకుందాం. స్టీరింగు మాత్రం నువ్వు ఇంకొన్నాళ్లు పట్టుకోకపోవడమే మంచిదని నాకు అనిపిస్తోంది. మాట కటువుగా ఉందని తెలుసు.

ఈ ఉత్తరం మొదట్లో పుదీనాకు నీళ్లు పోస్తున్నాను అని రాశానే, అది నిన్నటి దాకా. ఈ రోజు పొద్దున పాల కేంద్రం నుంచి వచ్చి క్యానులోది వేళ్లతో సహా పీకేశాను. మొండిది, సగం రోజు పట్టింది, చేతులు ఇప్పటికీ అదే వాసన, ఈ కాగితానికి కూడా అంటి ఉంటుంది. నీకు వస్తే అది చివరిది అనుకో. మట్టి తిరగేసి, ధనియాలు నలిపి చల్లాను. తేజస్వినికి ఫోను చేసి చెప్పాను, పుదీనా పీకేశానే అని. నాన్నను పిల్చుకొచ్చేదానికి పోయేటప్పుడు నాకూ చెప్పు మా, నేనూ వస్తా అంది.

వచ్చిన రోజు పుదీనా అన్నం చేసిపెట్టు అని రాశావు. చేయను. కొత్తిమీర అప్పటికి కోతకు వస్తుంది, కొత్తిమీర అన్నం చేస్తాను. పద్ధతి అంతా పైన రాసినదే, ఆకు ఒక్కటే వేరు. కొత్తిమీర వాసన ఎంతసేపు ఉంటుంది, చెయ్యి కడుక్కునేసరికి పోతుంది. తిని, చెయ్యి కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని ఒక్కసారి ఊదు. నీకివ్వడానికి నా దగ్గర తాళాలేమీ లేవు. ఏ వాసన వచ్చినా ఈసారి వచ్చిందనే చెబుతాను.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ పెండ్లాం,
అంబిక.